నెత్తురు చుక్క

ఆదివారం. నెబ్రాస్కాలో ఫిబ్రవరి.
చర్చి నేలమాళిగలో
మడత బల్లలు పదకొండు, కాఫీ డేగిసా ఒకటి,
వైద్యం చదువుతున్నవాళ్లం తొమ్మిదిమందిమి.
తెల్లకోట్లు విప్పేయమన్నారు మా డాక్టరమ్మ.
యూనిఫారం ఏదైనా సరే, కంటబడితే
గుమ్మంలోంచే వెనక్కి మళ్లుతారట.
"కాగితాల మాటెత్తొద్దు.
చిరునామా గడి ఖాళీగా ఉంటే
ఖాళీగానే ఉండనివ్వండి."

తొమ్మిదైనా పురుగు లేదు.
క్వామే తన బీపీ తనే నాలుగుసార్లు చూసుకున్నాడు,
నాలుగుసార్లూ నాకు చూపించాడు.
మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగింది,
ఒక్కసారిగా మెట్లు నిండిపోయాయి.
బ్లీచు వాసన. బూట్లకంటుకొచ్చిన మంచు.
తలుపు దగ్గరే ఆగిపోయి
మా చేతులవంకే చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు.

నా బల్ల మీద చక్కెర పరీక్ష.
ఎదుట కూర్చున్నాయన ఎవ్సేబియో ఇష్కోయ్.
ఆయన కిచే భాషలో అన్నది
పక్కింటావిడ స్పానిష్‌లో అంటుంది.
ఆ స్పానిష్‌ని తొమ్మిదేళ్ల మనవరాలు యెసేనియా
ఇంగ్లీషులోకి దించుతుంది.
నా దాకా వచ్చేసరికి బారెడు మాట బెత్తెడు.

"చివరిసారి ఎప్పుడు తిన్నారు?"
ముగ్గురూ చాలాసేపు మాట్లాడుకున్నారు.
చెయ్యి తిప్పారు, తల ఊపారు, ఏదో లెక్కపెట్టారు.
"నిన్న," అంది యెసేనియా.

చూపుడువేలు తుడిచి సూది నొక్కాను.
టక్కుమంది. అంతే.
మధ్యవేలు.
టక్కుమంది.
కాలేజీలో ఒకరి వేళ్లు ఒకరం ఎన్నిసార్లు పొడుచుకున్నామో!
పుస్తకాల పేజీలు తిప్పిన వేళ్లు మావి,
అడగ్గానే ఇచ్చేవి.
ఇవి పద్నాలుగేళ్లుగా కత్తి పిడి చుట్టూ
వంగి, అలాగే బిగుసుకుపోయిన వేళ్లు.
చర్మం కాదది, చెప్పు అట్ట.
ఉంగరపు వేలు కూడా పొడిచి, పిండి,
మళ్లీ పిండి చూశాను.
కత్తివేటుకు నెత్తురుచుక్క లేదంటారే,
ఆయన వేలూ అంతే,
నా మొహమూ అంతే.

ఆయన నవ్వి ఏదో అన్నాడు.
పక్కింటావిడ నోటికి కొంగులా శాలువా అడ్డుపెట్టుకుంది.
యెసేనియా చెప్పడానికి మొహమాటపడింది.
"ఏమన్నారమ్మా?"
"ఆవులతో ఇంత కష్టం ఉండదట."

తర్వాత, ఎవరూ అడక్కుండానే,
కుడిచెయ్యి వెనక్కి తీసుకుని
ఎడమచెయ్యి చాచాడు.
రాత్రంతా ఉక్కు జాలీ తొడుగులో దాక్కునే చెయ్యి.
చంకలో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టి
చిటికెన వేలు పక్కకి తిప్పి
ఇక్కడ, అని గడ్డంతో చూపించాడు.

వచ్చింది. ఆవగింజంత.

మూడువందల పన్నెండు.

ఆయన ఆ అంకెవైపు చూశాడు, నావైపు చూశాడు.
ప్రశ్న రెండు నోళ్లు మారి నా దగ్గరకొచ్చింది:
"ఎక్కువైతే మంచిదేగా?"
ఫ్యాక్టరీ గోడమీద బోర్డు ఉంటుందట,
గంటకి ఎన్ని తలలని.
అంకె పెరిగిన రోజు సూపర్‌వైజరు
భుజం తడతాడట.

కాదు, అనడానికి
నా దగ్గర పొట్టి మాటే ఉంది.
అది వెనక్కి వెళ్తూ వెళ్తూ పొడుగవడం విన్నాను.
స్పానిష్‌లో కొంచెం,
కిచేలో ఇంకా చాలా.
ఆయన నవ్వు ఎక్కడ ఆగిందో కూడా చూశాను.

మంగళవారం క్లినిక్. నలభై మైళ్లు.
మంగళవారం ఆయనకి పని.
క్లినిక్ చిరునామా పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.
ఆయన చిరునామా గడిలో మాత్రం
ఏమీ లేదు.

"ఈ దూది గట్టిగా పట్టుకో," అన్నాను పిల్లతో,
ఏదో ఒకటి చెప్పాలి కనక.
ఆగిపోయిన నెత్తురుని రెండు చేతులా నొక్కిపట్టుకుని
తాతని మెట్లెక్కించుకుపోయింది.
పై మెట్టు దాకా చూశాను.
వదల్లేదు.

కుర్చీ కిర్రుమంది. ఇంకొకాయన.
బూట్లకి అదే మంచు. కుడిచెయ్యి ముందుకు వచ్చింది.
"అది కాదు," అన్నాను,
"ఎడమది ఇవ్వండి."